తీసేసిన ఏడు నిమిషాలు

సినిమా హాళ్ళలో ఆపరేటరుగా నేను ముప్పై మూడేళ్ళు పనిచేశాను. తెనాలిలో పని నేర్చుకున్నాను, రేపల్లెలో కుదురుకున్నాను, బాపట్లలో రిటైరయ్యాను. ఇప్పుడు కేబిన్‌లో పనికి చేరేవాళ్ళకి ఫిలిం ముట్టుకునే అవసరమే లేదు. డబ్బాలు మోయక్కర్లేదు, రీళ్ళు చుట్టక్కర్లేదు, చేతికి మసి అంటదు. మీట నొక్కితే బొమ్మ పడుతుంది. అదృష్టవంతులు. అయినా మీకోసమే ఇది రాస్తున్నాను. ఆ మీట మీద ఉండేది కూడా మనిషి చెయ్యే కదా.

నా జీతం ఎప్పుడు పెరిగింది, లైసెన్సు కోసం ఎన్నిసార్లు తిరిగాను లాంటివి ఇందులో ఉండవు. అవి మా ఇంట్లోవాళ్ళే వినరు. నేను నేర్చుకున్నదేంటో, ఎక్కడ తప్పు చేశానో అది మాత్రం రాస్తాను. చిన్న తప్పులు నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. పెద్దది ఒకటుంది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక ఈ కాగితాలు చాలాసార్లు చించేశాను.

రహీం భాయ్

తెనాలిలో నాకు పని నేర్పినవాడు రహీం భాయ్. నోటినిండా కిళ్ళీ, మెడలో మఫ్లరు, వైశాఖంలో కూడా. తెర మీద ఎంత పెద్ద హీరోయిన్ ఆడుతున్నా ఆయన చూపు రీలు మీదే ఉండేది. "బొమ్మ చూడకురా బాబూరావూ, మిషన్ మాట విను" అనేవాడు. నిజమే, ఫిలిం తెగబోయే ముందు మిషన్ చప్పుడు మారుతుంది. అది వినపడటానికి నాకు రెండేళ్ళు పట్టింది.

చేరిన కొత్తలో ఒకసారి ఆరో రీలు తరవాత ఏడోది పెట్టకుండా ఎనిమిదోది ఎక్కించాను. ఏడో రీల్లో హీరో తల్లి చచ్చిపోతుంది. ఎనిమిదో రీల్లో హీరో ఆవిడ ఫోటోకి దండ వేసి ఏడుస్తాడు. జనం ఆ ఏడుపు చూశారు. ఆ తరవాత నేను కంగారుగా ఏడోది ఎక్కిస్తే, దండ వేయించుకున్నావిడ పీట మీద కూర్చుని కొడుక్కి అన్నం కలిపి పెట్టింది. హాల్లో ఒక్కడు కూడా కేక వెయ్యలేదు. పైగా ఆవిణ్ణి చూసి చప్పట్లు కొట్టారు. నేను బతికిపోయాననుకున్నాను.

రహీం భాయ్ మాత్రం నవ్వలేదు. "సినిమా తీసినవాడు ఊళ్ళో లేడు. చూసినవాడికి తెలియదు. జరిగింది తెలిసినవాడివి నువ్వొక్కడివే. అందుకని సిగ్గు కూడా నువ్వొక్కడివే పడాలి" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

కత్తెర

రేపల్లెలో నాకు కత్తెర అలవాటైంది. అది మంచికోసమే మొదలైంది. మ్యాట్నీకి వచ్చేవాళ్ళలో సగంమంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. సినిమా పెద్దదైతే వాళ్ళ బస్సు తప్పిపోయేది. అందుకని రెండో సగంలో ఒక పాట తీసేసేవాళ్ళం. జనమే వచ్చి, "బాబూరావు గారూ, ఆ ఏడుపు పాట తీసెయ్యండి, బస్సందుతుంది" అని అడిగేవాళ్ళు. ఫిలింని రెండుచోట్ల కత్తిరించి, చివర్లు కలిపి అతికిస్తే సరి. మా వాడుకలో దాన్ని జాయింటు అంటాం. తీసిన ముక్కకి రీలు నెంబరు రాసిన చీటీ అంటించి ఒక డబ్బాలో పెడతాం. ప్రింటు తిరిగి పంపించేటప్పుడు దాని చోట దాన్ని అతికించేస్తాం. ఇది చట్టప్రకారం తప్పు. ప్రతి హాల్లోనూ జరిగేది.

నా జాయింటు చాలా బాగుండేది. పొగరుగా చెప్పడం కాదు, పక్క ఊళ్ళ ఆపరేటర్లు కూడా అనేవాళ్ళు. తెర మీద చిన్న గంతు కూడా కనపడేది కాదు. బస్సుకోసం మొదలైన కత్తెర, పోనుపోను విసుగు పుట్టించే సీను కోసం, మేనేజరు గారికి నచ్చని డాన్సు కోసం, చివరికి నాకు నచ్చని మాటల కోసం కూడా ఆడింది. ఎక్కడో మద్రాసులో కూర్చున్నవాళ్ళకి మన జనం సంగతి ఏం తెలుసు, నాకు తెలుసు అనుకునే స్థితికి వచ్చాను. ఈ ఉద్యోగంలో మనిషిని చెడగొట్టేది అదే. వేలమంది మన చేతి కింద చీకట్లో కూర్చుంటారు. వాళ్ళకి మనం కనపడం.

సీతారావమ్మ

బాపట్లలో మా హాలు వెనక సందులో సీతారావమ్మ అని ఒకావిడ మిషన్ కుట్టేది. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు. మా హాలు తలుపులకి వేలాడే నల్ల తెరలు కూడా ఆవిడే కుట్టింది, మూడుసార్లు. కుట్టి మడతపెట్టి తెచ్చి గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళిపోయేది. లోపలికి అడుగు పెట్టేది కాదు.

ఆవిడ తమ్ముడు ఏడుకొండలు. తెర మీద అతనికి వేరే పేరుంది. ఆ పేరు చెబితే మీలో కొందరు ఇప్పటికీ ఈల వేస్తారు కాబట్టి రాయను. ఫైటర్‌గా చేరి, విలన్ పక్కన నిలబడేవాడై, చివరికి హీరో అయ్యాడు. అతను కొడితే మనిషి గోడ పగలగొట్టుకుని అవతల పడాల్సిందే. మా హాల్లో అతని సినిమాకి మొదటి వారం ఈలలతో మాటలు వినపడేవి కావు. అలాంటి హీరో అక్క జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోవడం ఏంటని ఊళ్ళో అందరూ అడిగేవాళ్ళు. అతను ఇల్లు కట్టిస్తానన్నా ఆవిడ ఒప్పుకోలేదు. "వాడు కొట్టి తెచ్చిన డబ్బు నాకొద్దండీ" అని నవ్వేది. ఆ నవ్వు వెనక ఉన్నది తెలిసినవాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

వాళ్ళది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఆవిడ భర్త లారీలకి బస్తాలు ఎక్కించేవాడు. ఒకరోజు ఇద్దరూ రేపల్లె వచ్చారు. బస్టాండు దగ్గర ఎవరిదో పర్సు పోయింది. ఎవడో ఈయన వైపు వేలు చూపించాడు. అంతే, జనం మీద పడ్డారు. ఆవిడ సంచితో పక్కనే నిలబడి కాదండీ కాదండీ అని అరుస్తూనే ఉందిట. పదకొండు రోజులు మంచంలో ఉండి చనిపోయాడు. కొట్టినవాళ్ళు నలభైమంది ఉంటారు. పోలీసులు అడిగితే ప్రతివాడూ నేను ఒక్కటే కొట్టానన్నాడు. ఒక్క దెబ్బకి మనిషి చావడు కదా. కేసు నిలబడలేదు. అప్పటికి ఏడుకొండలుకి పదిహేనేళ్ళు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కుట్టు మిషన్ తీసుకుని బాపట్ల వచ్చేశారు.

అప్పట్నుంచీ ఆవిడ దెబ్బ చూడలేదు. వీధిలో ఎవరైనా పిల్లవాణ్ణి కొడుతుంటే తలుపు వేసుకునేది. తమ్ముడి సినిమా ఒక్కటీ చూడలేదు. ఒకసారి కొలతల టేపు మెడలో వేసుకుని నాతో అంది: "వాడు తెరమీద ఎవర్ని కొడుతున్నాడో నాకు తెలుసు అన్నయ్యగారూ. ఆ నలభైమందినీ కొడుతున్నాడు. ఎంతమందిని కొట్టినా వాడికి ఆరడంలేదు."

దెబ్బ లేని సినిమా

రెండువేల దశకం మధ్యలో ఏడుకొండలు ఒక సినిమా ఒప్పుకున్నాడని తెలిసింది. కొత్త దర్శకుడు. ఫైట్లు లేవు. ఒక గుంపు ఒక అమాయకుణ్ణి కొట్టి చంపుతుంది, ఆ గుంపులో ఒకడి కథ అది. మొదట దర్శకుడు అతన్ని చచ్చిపోయే మనిషి వేషం వెయ్యమన్నాట్ట. "కాదండీ, నేను కొట్టినవాణ్ణే వేస్తాను" అన్నాట్ట.

ఆ సినిమా మొదలయ్యే ముందు అతను బాపట్ల వచ్చి మా కేబిన్‌కి వచ్చాడు. కుర్రతనంలో వచ్చి మిషన్ పక్కన నిలబడినట్టే నిలబడ్డాడు. గడ్డం పెంచాడు, కళ్ళజోడు పెట్టాడు, కొంచెం చిక్కాడు.

"ఏంటయ్యా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"వేషం కోసం అన్నా. ఈ ఒక్క సినిమా మా అక్కకి చూపించాలి. అందులో ఒక్క దెబ్బ కూడా కనపడదు. జనం వెనక నుంచి తీస్తారు, అంతే."

"నీ సినిమాలో దెబ్బ లేకపోతే నీ అభిమానులు మా కుర్చీలు ఉంచుతారా?" అని నవ్వాను.

అతను నవ్వలేదు. "ఆ నలభైమందిలో ఒక్కడైనా మా అక్క గడపకి వచ్చి, అమ్మా నేను కొట్టాను, తప్పయిపోయింది అంటాడని ఇరవై ఏళ్ళు చూశానన్నా. ఎవడూ రాలేదు. అందుకే ఆ వచ్చేవాడి వేషం నేనేస్తున్నాను. రేపల్లెలో కూడా ఆడుతుంది గదా. వాళ్ళలో ఎవడైనా చూస్తాడేమో" అన్నాడు.

ఒక మనిషి అంతగా మనసు విప్పి మాట్లాడటం ఎప్పుడూ వినలేదు నేను. టీ తెప్పిస్తానన్నాను.

నా తెలివి

సినిమా శుక్రవారం విడుదలైంది. ఉదయం ఆటకి అభిమానులు చింపిన కాగితం ముక్కల సంచులతో, దండలతో వచ్చారు. అతను తెర మీదికి వచ్చిన మొదటి క్షణం హాలు దద్దరిల్లింది. ఇంటర్వెల్ దాకా ఓపిక పట్టారు. తరవాత, గడప దగ్గర సీను వచ్చింది. ఏడు నిమిషాలు. చచ్చిపోయినవాడి భార్య ఇంటి గడప బయట అతను నిలబడి తాను చేసింది చెబుతాడు. పాట లేదు, సంగీతం లేదు. చేతులు కట్టుకుని నిలబడతాడు, అంతే. నేను మిషన్ మాట మరచిపోయి బొమ్మ చూసింది జీవితంలో కొద్దిసార్లే, అది ఒకటి. కింద మాత్రం "కొట్టన్నా", "పడుకో అన్నా" అని కేకలు. సోడాసీసా ఒకటి తెరకి తగిలింది. ముందు క్లాసులో ఎనిమిది కుర్చీలు విరిచారు.

మేనేజరు గారు చెమటలు కక్కుతూ కేబిన్‌కి వచ్చారు. "మ్యాట్నీకి ఇలాగే అయితే హాలు తగలబెడతారయ్యా. ఏదో ఒకటి చెయ్యి" అన్నారు.

ఏదో ఒకటి చెయ్యమన్నారే గాని ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. ఆ తెలివి నాదే. ఏడుకొండలు పాత సినిమా ఒకటి అంతకుముందు వారం ఆడించాం, ఆ ప్రింటు ఇంకా తిరిగి వెళ్ళలేదు. అందులో గోడౌన్‌లో పెద్ద ఫైటు ఉంది. "సార్, ఆ ఏడు నిమిషాలు తీసేసి ఇది పెడదాం. టైము కూడా సరిపోతుంది" అన్నాను. ఆయన నా భుజం తట్టారు.

మ్యాట్నీలో గడ్డం, కళ్ళజోడు ఉన్న మనిషి ఒక వీధిలో నడుస్తూ వెళ్ళి, నున్నగా గీసిన మొహంతో తోలుకోటు వేసుకుని గోడౌన్‌లో తేలాడు. పన్నెండుమందిని చితక్కొట్టాడు. ఒకడి మొహం నెత్తురు కొట్టుకుపోయింది. మళ్ళీ గడ్డంతో వీధిలోకి వచ్చాడు. ఎలా వచ్చాడని ఎవడూ అడగలేదు. కాగితాలు ఎగిరాయి, చొక్కాలు ఎగిరాయి. ఆ ఈలలు నాకే వేసినట్టు పొంగిపోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

శనివారం మ్యాట్నీ

ఏడుకొండలు ఆదివారం వచ్చి అక్కని దగ్గరుండి తీసుకువస్తానన్నాడు. ఆవిడ ఆగలేదు. తమ్ముడు పక్కన ఉంటే ఏడవడానికి మొహమాటమని కాబోలు, శనివారం మ్యాట్నీకి ఒక్కతే ఆడవాళ్ళ క్యూలో నిలబడి టికెట్టు కొనుక్కుంది. ఇంటర్వెల్‌లో గేటు మనిషి పైకి వచ్చి, "సీతారావమ్మగారు వచ్చారండి, మన హాలుకి మొదటిసారి!" అని సంబరంగా చెప్పాడు.

ఫైటు ఉన్న రీలు అప్పటికే రెండో మిషన్ మీద ఎక్కించి ఉంది. తీసెయ్యొచ్చు. ఆ రీలు వదిలేసి తరవాతది వెయ్యొచ్చు. కనీసం గేటు మనిషిని పంపించి ఆవిణ్ణి ఓ పది నిమిషాలు బయట కూర్చోబెట్టొచ్చు. ఇదంతా నాకు ఆ పావుగంటలోనే తట్టింది. తరవాత తట్టిందని అబద్ధం చెప్పను. హాలు నిండా జనం ఉన్నారు, నిన్నటి కుర్చీలు ఇంకా బాగుచెయ్యలేదు, ఆవిడ కళ్ళు మూసుకుంటుందిలే అనుకున్నాను.

మిషన్ పక్కనుండే చిన్న గాజు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటి దెబ్బ పడగానే ఒక మనిషి ఆకారం లేచింది. కాళ్ళు తొక్కుకుంటూ వరస దాటింది. తలుపు దగ్గరికి వెళ్ళి నల్ల తెరలో దారి వెతుక్కుంటోంది. తాను కుట్టిన తెరే. రెండు చేతులతో తడుముతోంది, దొరకడంలేదు. హాలంతా ఈలలు. చివరికి గేటు మనిషి తెర తీసి పట్టుకున్నాడు. బయటి వెలుగు ఒక్కసారి హాల్లో పడింది. "ఎవడ్రా తెర వెయ్" అని ఎవరో అరిచారు.

"ఒక్క మాట చెప్పన్నా"

ఆదివారం మ్యాట్నీకి బాల్కనీలో చివరి వరసలో తలకి తువ్వాలు చుట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ఫైటు రాగానే తువ్వాలు తీసేశాడు. చూస్తూ నిలబడ్డాడు. తరవాత కేబిన్ మెట్ల మీద అడుగుల చప్పుడు. నా వెనకే మేనేజరు గారు ఉన్నారు.

నన్ను కొడతాడనుకున్నాను. అతను చేతులు జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నా పాత సినిమాలోదన్నా. ఎవరు జాయింటు చేశారు?"

నేను మేనేజరు గారి వైపు చూశాను. ఆయన నేల వైపు చూశారు. ప్రింటు కోసి వేరే సినిమా అతికించామని బయటపడితే కంపెనీ కేసు పెడుతుంది, హాలు లైసెన్సు పోతుంది, నా ఉద్యోగం పోతుంది. అప్పటికి మా పెద్దమ్మాయి డిగ్రీలో ఉంది. ఇవన్నీ నిజమే. అయినా ఇవేవీ సాకులు కావు.

"మాకు ప్రింటే ఇలా వచ్చింది సార్" అన్నాను. అంతవరకూ ఎప్పుడూ అతన్ని సార్ అనలేదు.

"సరే అన్నా. ఎవరు చేశారో నాకు అక్కర్లేదు. నేను గొడవకి రాలేదు. మా అక్క నేను అబద్ధం చెప్పాననుకుంటోంది. పొద్దున ఆవిడ చెప్పింది విని, వేరే సినిమాలోది తెచ్చి అతికించి ఉంటారక్కా అంటే, నీ మొహమే గదరా, నీ చేతులే గదరా, నీకు తెలియకుండా ఎలా వస్తాయంటోంది. ఆవిడకి ఇవేం తెలుసు? నువ్వు చెబితే నమ్ముతుంది. ఒక్కసారి ఇంటికి వచ్చి ఒక్క మాట చెప్పన్నా."

"మాకేం తెలుసు సార్. వచ్చింది వేస్తాం" అన్నాను.

అతను తల ఊపి దిగిపోయాడు. తీసేసిన ముక్క ఉన్న డబ్బా నా కాలి పక్కనే ఉంది. వంగి చూస్తే కనపడేది.

మళ్ళీ వస్తాడేమో, వెతికిస్తాడేమో అని ఆ డబ్బా అప్పటికప్పుడే సంచిలో పెట్టి ఇంటికి పంపేశాను. సాయంత్రం మేనేజరు గారు ఫైటు తీయించేసి, ఉన్న చివర్లు కలిపించి, ఆ ప్రింటుని హడావిడిగా రేపల్లె పంపించారు. ముక్క నా ఇంట్లోనే ఉండిపోయింది. రేపల్లెలో ఆ సినిమా నాలుగు రోజులు ఆడింది. గడప దగ్గర సీను అక్కడ కూడా ఎవరూ చూడలేదు. అతను ఎవరు చూడాలనుకున్నాడో వాళ్ళు హాల్లో ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉన్నా చూసి ఉండరు, నా వల్ల.

ఇక్కడ చిన్నవాళ్ళకి ఒక మాట. నేను సీను కోయడం ఉద్యోగంలో తప్పు. అలాంటి తప్పులు అందరూ చేస్తారు, దిద్దుకుంటారు. సారీ చెప్పి ముక్క మళ్ళీ అతికించి ఉంటే నా ఉద్యోగం పోయేదేమో, అంతే. నేను అబద్ధం ఆడటం వేరే సంగతి. అది దిద్దుకోవడానికి నాకు రోజులు ఉన్నాయి, నెలలు ఉన్నాయి. ఆవిడ ఇల్లు మా హాలు వెనక సందులో ఉంది. ఇవాళ కాదు రేపు అనుకుంటూ, ఆ సందు వదిలేసి చుట్టూ తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

తరవాత

ఆ సినిమా ఎక్కడా నిలబడలేదు. ఏడుకొండలుకి మళ్ళీ అలాంటి వేషం ఎవరూ ఇవ్వలేదు. దర్శకుడే తనకి తెలియకుండా ఫైటు అతికించాడని ఏడుకొండలు అనుమానపడి, ఆయనతో మాటలు మానేశాడని సినిమా పత్రికలో చదివాను. ఆ పేజీ మడిచి పక్కన పెట్టాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. వయసు మీద పడుతున్నా అన్ని దూకుళ్ళూ తనే దూకేవాడు. నేను వేసిన అతని సినిమాల్లో చివరి రెండూ చూడటానికి కష్టంగా ఉండేవి. కొట్టేవాడిలో కోపం లేదు. మూడేళ్ళ తరవాత ఒక ఫైటు తీస్తుండగా తాడు తెగి ఎత్తునుంచి పడ్డాడు. ఆస్పత్రికి చేరకముందే పోయాడు.

బాపట్ల తీసుకువచ్చారు. రోడ్డు పట్టనంత జనం. మా హాల్లో ఆ రోజు ఆటలు వెయ్యలేదు. గుంపులో నిలబడి దూరంగా చూశాను. సీతారావమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడంలేదు. ఎవరో మంచినీళ్ళు ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే ఉంది.

గడప

నలభై రోజుల తరవాత వెళ్ళాను. పొద్దున పదింటికి. సంచిలో ఫిలిం ముక్క ఉంది. తలుపు తీసి ఉంది. ఆవిడ మిషన్ ముందు కూర్చుని ఉంది గాని కుట్టడంలేదు.

"రండి అన్నయ్యగారూ" అంది.

లోపలికి వెళ్ళలేకపోయాను. బయటే నిలబడి మొత్తం చెప్పాను. మేనేజరు పేరు ఎత్తలేదు. ఆ ఫైటు ఏ సినిమాలోదో, నేను ఎలా తీశానో, ఎలా అతికించానో, అతను వచ్చి ఏమడిగాడో, నేను ఏమన్నానో అన్నీ చెప్పాను. ఆవిడకి సగం అర్థంకాలేదు. ముఖం అలాగే ఉంది. అప్పుడు సంచిలోంచి ముక్క తీశాను.

"ఇదేంటండీ?"

"మీరు చూడాల్సింది, చెల్లెమ్మా."

గడప బయటే దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ సూదిలో దారం ఎక్కించే కళ్ళజోడు పెట్టుకుని, గడప దాకా వచ్చి దగ్గరగా వంగింది. గోరంత బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ గడప బయట చేతులు కట్టుకుని నిలబడ్డ ఏడుకొండలు. నెమ్మదిగా ఫిలిం జరుపుతూ వచ్చాను. ఒకదాని తరవాత ఒకటి వందల బొమ్మలు, అన్నిట్లోనూ చేతులు కట్టుకునే ఉన్నాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగింది.

ఆ ఏడు నిమిషాలు నేను ఒక్కసారే పూర్తిగా విన్నాను, శుక్రవారం ఉదయం ఆటలో. ఒక్క మాట మరచిపోలేదు. ఫిలిం జరుపుతూ చెప్పడం మొదలుపెట్టాను.

"అమ్మా, మీరు నన్ను ఎరగరు. ఆ రోజు బస్టాండు దగ్గర నేనూ ఉన్నాను. ఆయన దొంగో కాదో నాకు తెలియదు. తెలుసుకోలేదు. అందరూ కొడుతున్నారని నేనూ కొట్టాను. ఒక్కటే కొట్టాను. ఒక్కటే గదా అనుకుని ఇన్నాళ్ళూ బతికాను..."

అక్కడ ఆగాను. అది అతని మాటో నా మాటో తెలియలేదు. ఆవిడ ఫిలిం మీదనుంచి కళ్ళు తియ్యలేదు.

"తరవాత?"

"తరవాత ఏమీ అనడమ్మా. ఆవిడ లోపలికి రమ్మనేదాకా అలా నిలబడే ఉంటాడు."

"రమ్మంటుందా?"

"అంటుందమ్మా."

ఆవిడ ఫిలింని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుంది, పట్టుచీర అంచు పట్టుకున్నట్టు. తరవాత, ఎవరితో చెబుతోందో తెలియనట్టు చెప్పింది:

"ఆదివారం పొద్దున నా నెత్తిన చెయ్యి పెట్టాడు అన్నయ్యగారూ. అందులో దెబ్బ లేదక్కా, నీ మీద ఒట్టు అన్నాడు. అబద్ధాలకోరు చెయ్యి నా మీద వెయ్యొద్దురా అని తోసేశాను. ఆ తరవాత ప్రతి పండక్కీ వచ్చేవాడు. చీర అక్కడ పెట్టేవాడు, ఇక్కడ కూర్చునేవాడు. మళ్ళీ ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు."

కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుని మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఇది ఎన్నాళ్ళనుంచి మీ దగ్గరుందండీ?"

"మూడేళ్ళనుంచమ్మా."

"మూడేళ్ళు" అంది. "వాడు పోయి నలభై రోజులే గదండీ అయింది."